పొగమంచులో అందించిన బంతి

ఎల్క్ ఫెర్రీ ఊళ్ళో పొగమంచు నది మీద పుడుతుంది. మిసిసిపీ నీళ్ళ మీద నుంచి లేచి, చిత్తడి నేలల మీదుగా పాకి, కోసేసిన మొక్కజొన్న చేల మీద పాల మీద మీగడ కట్టినట్టు కట్టుకుంటుంది. లీలండ్ హౌగ్ ముప్పై ఏళ్ళకు పైగా ఆ పొగమంచులోనే పాల ట్యాంకర్ నడిపాడు. కొండవాలులోని డెయిరీ ఫారాల దగ్గర ఆగి, గొట్టం తగిలించి, పాలు తోడుకుని వెన్న ఫ్యాక్టరీకి చేర్చడం అతని పని. పొగమంచు పడితే మిగతా డ్రైవర్లు విసుక్కునేవాళ్ళు. లీలండ్ విసుక్కునేవాడు కాదు. బండి వేగం తగ్గించి, కిటికీ అద్దం దించి, ఆ తడి గాలిని మొహానికి తగలనిచ్చేవాడు.

అది తగిలిందంటే చాలు, అతనికి ఒక చోటు కళ్ళముందుకు వచ్చేది. ఎడమ చంకలో చల్లటి తోలు బంతి. కాళ్ళ కింద మెత్తటి బురద. ముందూ వెనకా తెలుపు. తన ఊపిరి తప్ప మరో చప్పుడు లేదు.

ఆ రోజు అతని బతుకులో అన్నిటికన్నా పెద్ద నగుబాటు జరిగిన రోజు. అది ఊరందరికీ తెలుసు. ఆ నగుబాటుకు కాస్త ముందు ఏం జరిగిందో మాత్రం ఎవరికీ తెలియదు. భార్య ఆర్డిస్‌కు కూడా అతను చెప్పలేదు. చెప్పడానికి సిగ్గుపడేవాడు. ఓడిన ఆట గురించి కాదు ఆ సిగ్గు. ఆ కాసేపు తను ఎంత ఆనందంగా ఉన్నాడో అది తలుచుకుని.

అప్పట్లో ఎల్క్ ఫెర్రీలో చిన్న కాలేజీ ఒకటి ఉండేది. ఊరి చివర, నది వైపు దిగే పల్లంలో దాని ఫుట్‌బాల్ గ్రౌండు. అక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నుకునే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో ఇరికించుకుని, మీద పడేవాళ్ళను తప్పించుకుంటూ గ్రౌండు చివరి గీత దాకా మోసుకుపోవాలి. గీత దాటితే ఆరు పాయింట్లు, ఆ తర్వాత బంతిని చారల చొక్కా తొడుక్కున్న రిఫరీకి ఇచ్చేయాలి. దాటకముందే ఎవరైనా కింద పడేస్తే ఆట అక్కడికి ఆగుతుంది. బంతి అవతలి వాళ్ళ చేతికి చిక్కిందా, వాళ్ళు దాన్ని పట్టుకుని ఎదురు దిక్కుకు పరిగెత్తవచ్చు.

లీలండ్ ఆ జట్టులో ఉండీ లేనట్టు ఉండేవాడు. ఆట జరిగినంతసేపూ బెంచీ మీద కూర్చుని, భుజాల మీద కోటు కప్పుకుని, ఆడి వచ్చినవాళ్ళకు నీళ్ళ సీసాలు అందించేవాడు. కాలేజీలో అతని నాలుగో ఏడు నవంబరులో, నదికి అవతల అయోవా నుంచి వచ్చిన మార్డెన్ కాలేజీతో ఆఖరి పోటీ. గెలిచినవాళ్ళకే ఆ ఏటి కప్పు. ఆటలో ముప్పావు వంతు గడిచేసరికి అసలు పరుగు వీరుడికి చీలమండ మడతపడింది. కోచ్ బ్రాటెన్ బెంచీ వైపు ఒకసారి చూశాడు. రెండోసారి చూశాడు. ఇంకెవరూ కనపడక, "హౌగ్, లే" అన్నాడు.

అప్పటికే పొగమంచు నది నుంచి పల్లంలోకి దిగింది. మొదట గోల్ స్తంభాలు పోయాయి. తర్వాత అవతలి గట్టు మీద బల్లలూ, బల్లల మీది జనమూ పోయారు. బ్యాండు వాళ్ళ బూరాలు ఎక్కడో గోనెసంచిలో ఊదుతున్నట్టు వినపడుతున్నాయి. ఎల్క్ ఫెర్రీ వాళ్ళు ఒక్క పాయింటు ముందున్నారు. ఇంకో ఆరు కలిశాయంటే ఇక తిరుగులేదు.

బంతి లీలండ్ చేతికి వచ్చింది. అతను కుడివైపు కదిలాడు. ఎవడో కాళ్ళకు అడ్డం పడబోయి జారి పక్కకు పోయాడు. ఇంకొకడి చెయ్యి భుజాన్ని రాసుకుని వదిలేసింది. ఆ తర్వాత ఎవరూ లేరు. నిజంగానే ఎవరూ లేరు. వెనక అడుగుల చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది. అరుపులు ఆగిపోయాయి. తను పరిగెడుతున్నట్టు కాళ్ళకు తెలుస్తోంది గానీ ఏదీ దగ్గరికి రావడం లేదు, ఏదీ వెనక్కి పోవడం లేదు. నిద్రలో పరుగులాగా ఉంది. కాకపోతే నిద్రలో కాళ్ళు బరువుగా ఉంటాయి, అప్పుడు అవి తేలిగ్గా ఉన్నాయి. కనురెప్పల మీద నీటిచుక్కలు నిలిచాయి. చలి తెలియలేదు. చిన్నప్పుడు ఎండిన గడ్డి గాదెలోకి పైనుంచి దూకినప్పుడు, కాళ్ళు చూరు వదిలాక, గడ్డి ఇంకా తగలకముందు ఉండే ఆ కాస్త సందు, అది ఎంతకీ ముగియకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

కాళ్ళ ముందు తెల్లటి సున్నపు గీత కనపడింది. పక్కన పొగమంచులో నిలువుగా ఒక స్తంభం. అది గోల్ స్తంభం అనుకున్నాడు లీలండ్. అది దీపపు స్తంభం. ఆ గీత చివరి గీత కాదు, దానికి ముందుది.

లీలండ్ గీత దాటి, పరుగు ఆపి, నడిచాడు. ఎదురుగా ఒక మనిషి వంగి నిలబడి ఉన్నాడు. తలకు హెల్మెట్ లేదు. తెల్ల చొక్కా మీద నల్లని చారలు. టోపీ ఎక్కడో పడేసుకున్న రిఫరీ అనుకున్నాడు. అది మార్డెన్ జట్టు ఆటగాడి తెల్ల జెర్సీ, చారలు బురదవి. లీలండ్ అతని దగ్గరికి వెళ్ళి, రెండు చేతులతో బంతి అందించాడు.

"థాంక్యూ" అన్నాడు ఆ మనిషి.

"పర్వాలేదండీ" అన్నాడు లీలండ్.

ఆ మనిషి బంతి పట్టుకుని పొగమంచులో కలిసిపోయాడు. లీలండ్ అక్కడే నిలబడ్డాడు. ఎవరైనా వచ్చి కౌగిలించుకుంటారేమోనని చూశాడు. ఎవరూ రాలేదు. కాసేపటికి గ్రౌండు అవతలి కొస నుంచి హోరు లేచింది. అయితే తెలిసింది వీళ్ళకి, అనుకున్నాడు. హోరు ఎటు నుంచి వస్తోందో, ఏ ఊరి వాళ్ళదో గుర్తుపట్టేసరికి కాళ్ళు వాటంతటవే ఆ వైపు నడవడం మొదలుపెట్టాయి.

బట్టలు మార్చుకునే గదిలో అందరూ తలలు వంచుకుని కూర్చున్నారు. ఒంటికి పట్టిన బురద పెచ్చులుగా రాలుతోంది. కోచ్ బ్రాటెన్ వచ్చి లీలండ్ ముందు నిలబడ్డాడు.

"ఏం జరిగిందిరా అక్కడ?"

"ఇచ్చేశాను సార్."

"ఏమిచ్చావు?"

"బంతి. రిఫరీ అనుకున్నాను."

"లాక్కున్నాడా నీ దగ్గర్నుంచి?"

అవునంటే సరిపోయేది. చూసినవాళ్ళు లేరు. లీలండ్‌కు ఆ ఆలోచనే రాలేదు. "లేదు సార్. నేనే ఇచ్చాను. థాంక్యూ అన్నాడు."

కోచ్ బెంచీ మీద కూర్చుని టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నువ్వేమన్నావు?"

"పర్వాలేదండీ అన్నాను."

మూల నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. వాడిని చూసి ఇంకొకడు. కప్పు పోయిన బాధలో ఏడవాల్సినవాళ్ళంతా గోడలకు చేరగిలబడి నవ్వారు. ఆ నవ్వు రాత్రికి ఊళ్ళోకి చేరింది, ఇక పోలేదు.

లీలండ్ పెట్రోలు బంకులో నోటు అందిస్తే కుర్చీలో కూర్చున్న ముసలాయన, "నాకేనా? ఇంకోసారి చూసుకుని ఇవ్వు బాబూ" అనేవాడు. పెళ్ళిలో పాస్టర్ ఉంగరం చేతిలో పెడితే, పక్కనున్న తోడు పెళ్ళికొడుకు అతని చెవిలో, "తెల్ల బట్టలు వేసుకున్నది పెళ్ళికూతురే, పాస్టర్ది నల్ల గౌను. తికమక పడకు" అన్నాడు. కూతురు పుట్టినప్పుడు నర్సు పసిదాన్ని తెచ్చి ఇస్తుంటే ఆర్డిస్ తమ్ముడు అడ్డం పడ్డాడు. "అమ్మా, మా బావకివ్వకు. ఎవరు థాంక్యూ అంటే వాళ్ళకి ఇచ్చేస్తాడు." లీలండ్ వాళ్ళతో పాటే నవ్వేవాడు. అవి పగతో అన్న మాటలు కావు. నవ్వకుండా ఉంటే ఆ ఊళ్ళో బతకడం మరింత కష్టం. చిత్రమేమిటంటే ఆ రోజు పొగమంచులో ఎవరికీ ఏమీ కనపడలేదు. అయినా కళ్ళారా చూశామని చెప్పేవాళ్ళు ఏటేటా పెరుగుతూ వచ్చారు. అప్పటికింకా పుట్టనివాళ్ళు కూడా చూశామన్నారు.

కాలేజీ మూతపడింది. భవనాల్లో కొన్ని కూల్చేశారు, గ్రౌండును ఎవరో రైతుకు కౌలుకిచ్చారు. లీలండ్ జుట్టు పోయింది. కూతురు పెళ్ళి చేసుకుని మాడిసన్ వెళ్ళిపోయింది. అతను ట్యాంకర్ తాళాలు కంపెనీకి అప్పజెప్పి ఇంట్లో కూర్చున్నాడు. పొగమంచు పడిన పొద్దున మాత్రం ఊరికే కారు తీసి, కొండవాలు దాకా వెళ్ళి, అద్దం దించుకుని కూర్చుని వచ్చేవాడు. ఎక్కడికి వెళ్ళావని ఆర్డిస్ అడిగేది కాదు.

అలా ఇంట్లో కూర్చున్న కొన్నేళ్ళకి, ఒక నవంబరులో ఊరి లూథరన్ చర్చి భోజనాలు వచ్చాయి. నార్వే నుంచి వచ్చిన తాతల నాటి ఆనవాయితీ. ఎండు చేపను క్షారపు నీళ్ళలో నానేసి, కడిగి, ఉడికిస్తే అది జున్నులా వణుకుతుంది. దాన్ని లూటెఫిస్క్ అంటారు. వాసనకు సగం మంది పారిపోతారు, మిగతా సగం మంది ఇంకో ఊరి నుంచి కూడా వెతుక్కుంటూ వస్తారు. చర్చి కింది హాల్లో పొద్దుటి నుంచి వరస కట్టారు. ఆర్డిస్ వంటింట్లో. లీలండ్‌కు కరిగించిన వెన్న జగ్గు ఇచ్చి వరస పక్కన నిలబెట్టింది. పళ్ళెం ముందుకు వస్తే చేప మీద వెన్న పోయాలి. అతని పక్కన బంగాళాదుంపలు వడ్డించేవాడు గోర్డీ లియెన్. ఇంటి పక్కవాడు, నోరు ఊరుకోని మనిషి.

"జగ్గు గట్టిగా పట్టుకో అన్నా" అన్నాడు గోర్డీ. "ఇవాళ వచ్చినవాళ్ళంతా థాంక్యూ అనే రకమే. ఏ క్షణాన ఎవరికిచ్చేస్తావోనని నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు."

పళ్ళెం పట్టుకుని నిలబడ్డ ఒక పొడుగాటి మనిషి తలెత్తాడు. లీలండ్ ఈడువాడే. చేతికర్ర మోచేతికి తగిలించుకుని ఉన్నాడు. "ఎందుకలా అన్నారు?" అని అడిగాడు.

గోర్డీకి అంతకన్నా ఏం కావాలి. గరిటె పక్కన పెట్టి కథ మొదలుపెట్టాడు. పొగమంచు, పరుగు, రిఫరీ, థాంక్యూ. చేతులు చాచి బంతి ఎలా ఇచ్చాడో చూపించాడు. వెనక వరస ఆగిపోయినా అతనికి పట్టలేదు. ఆ మనిషి ఒక్క మాట కూడా అడ్డు రాకుండా చివరిదాకా విన్నాడు. పళ్ళెంలో చేప చల్లారిపోయింది. తర్వాత లీలండ్ వైపు తిరిగాడు.

"హౌగ్ అంటే మీరేనా?"

"నేనే."

"నా పేరు వెర్లిన్ కెట్లర్" అన్నాడు. "మార్డెన్ కాలేజీ."

గోర్డీ గరిటె కోసం తడుముకున్నాడు. లీలండ్ జగ్గు వంచిన చెయ్యి వంచినట్టే ఉంచేశాడు. వెన్న పళ్ళెం నిండి, అంచు దాటి, బల్ల మీది తెల్ల గుడ్డ మీదికి కారింది. వంటింటి గుమ్మంలోంచి ఆర్డిస్ వచ్చి జగ్గు అందుకుంది. "వెళ్ళు. ఆయనతో కూర్చో. ఇది నేను చూసుకుంటాలే."

బల్ల చివర, మెట్ల పక్కన ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మొదట మోకాళ్ళ సంగతి మాట్లాడుకున్నారు. వెర్లిన్ ఎడమ మోకాలు అరిగిపోయింది, లీలండ్‌వి రెండూ. తర్వాత చేప ఈసారి మరీ మెత్తగా ఉడికిందని ఒప్పుకున్నారు. వెర్లిన్ భార్య పోయి రెండేళ్ళయింది, ఈ చేప ఆవిడకి ఇష్టం, అందుకే నది దాటి వచ్చాడు. ఆనాడు లీలండ్ ఇచ్చిన బంతితో తీసిన పరుగు పుణ్యమా అని వాళ్ళ ఊరి హైస్కూల్లో అతనికి కోచ్ ఉద్యోగం ఇచ్చారట. రిటైరయ్యేదాకా అదే చేశాడట.

"ప్రతి ఏడూ కొత్త పిల్లలొచ్చి అడిగేవాళ్ళు. సార్, ఆ పరుగు చెప్పండి సార్. చెప్పేవాణ్ణి" అన్నాడు వెర్లిన్. "కళ్ళు తెరుచుకుని ఉండాలిరా, అవకాశం వచ్చినప్పుడు లాగేసుకోవాలిరా, అని చెప్పేవాణ్ణి. అన్నీ కోతలే. నేనప్పుడు హెల్మెట్ వెతుక్కుంటున్నాను."

"ఏమిటీ?"

"హెల్మెట్. మావాడే వచ్చి నన్ను గుద్దాడు. అది ఎగిరిపోయింది. చెవుల్లో గుయ్యిమంటోంది. ఆట ఎటు పోయిందో తెలీదు. వంగి కాళ్ళ దగ్గర వెతుక్కుంటున్నా. అంతలో మీరొచ్చారు. పరిగెత్తుకుంటూ కాదు. నడుచుకుంటూ. నవ్వుకుంటూ."

లీలండ్ ఫోర్కు కింద పెట్టాడు. "నవ్వుతున్నానా?"

"మీకు తెలీదా? అలాంటి నవ్వు నేను ఎవరి మొహంలోనూ చూళ్ళేదు, ఆ ముందూ చూళ్ళేదు, ఆ తర్వాతా చూళ్ళేదు. అది చూసి, అయిపోయింది, అంతా మంచిగానే అయిపోయింది అనుకున్నా. ఎవరు గెలిచారో కూడా తోచలేదు నాకు. మీరు బంతి ఇచ్చారు. ఇస్తే పుచ్చుకోవాలి కదా. పుచ్చుకున్నా. మా అమ్మ నేర్పిన మర్యాద, థాంక్యూ అన్నా."

"మరి పరుగు?"

"మీరొచ్చిన వైపు రిఫరీ ఉంటాడు, ఇచ్చేద్దామని బయల్దేరాను. నడిచే వెళ్తున్నా. మీవాడొకడు, ఎద్దులా ఉన్నాడు, ఎక్కణ్ణుంచో రంకె వేసుకుంటూ నా మీదికొచ్చాడు. భయపడి పరిగెత్తా. వట్టి భయం. గ్రౌండు అయిపోయినా ఆగలేదు. మా బ్యాండువాడి డోలు తగిలి బోర్లా పడ్డా. లేచేసరికి భుజాల మీద ఎక్కించుకుని మోస్తున్నారు. ఎందుకో అర్థమయ్యేసరికి కాదని చెప్పే వీలు దాటిపోయింది."

హాల్లో పళ్ళేల చప్పుడు, పిల్లల ఏడుపు, కాఫీ కుండ మూత ఎగిరిపడే శబ్దం. లీలండ్‌కు అవేవీ వినపడలేదు. ఆ తెల్లటి చోట తనొక్కడే ఉన్నాడని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఒక మనిషి తన మొహం చూశాడు. చూసి, గుర్తుపెట్టుకున్నాడు.

"మా ఆవిడకు ఆ పరుగు సంగతి పెద్దగా చెప్పలేదు నేను" అన్నాడు వెర్లిన్. "మీ నవ్వు గురించే చెప్పాను. చాలాసార్లు. మిమ్మల్ని ఒక్కసారి అడగమనేది, ఏం కనపడిందో అక్కడ అతనికి అని. నది దాటడం ఎంతసేపు. కానీ ఏ మొహం పెట్టుకుని రాను?"

"ఏమీ కనపడలేదు" అన్నాడు లీలండ్. "కాఫీ తెస్తానుండండి" అని లేచాడు. రెండు కప్పులు తెచ్చాడు. ఇద్దరూ చివరి చుక్క దాకా తాగారు. వెళ్ళేముందు వెర్లిన్ అతని ఫోన్ నంబరు తీసుకున్నాడు.

ఒక వారం గడిచింది. ఒక పొద్దున ఫోన్ మోగింది. "మీ వైపు పడిందా?" అన్నాడు వెర్లిన్, పేరు కూడా చెప్పకుండా. లీలండ్ కిటికీలోంచి చూశాడు. గుమ్మం ముందరి మెట్లు కూడా కనపడటం లేదు. "పడింది" అన్నాడు.

వంతెన మీదుగా వెర్లిన్ పాత పికప్‌లో నెమ్మదిగా వచ్చాడు. కాలేజీ గేటు ఉండే చోట బండి ఆపి, ఇద్దరూ పల్లంలోకి దిగారు. లీలండ్ ముందు, చేతికర్రతో వెర్లిన్ వెనక. కోసేసిన గడ్డి మోళ్ళు బూట్ల కింద నలుగుతున్నాయి. ఎక్కడో ఆవు అరిచింది. ఆ అరుపు కూడా తడిసినట్టు వినపడింది.

"ఇక్కడే అనుకుంటా" అన్నాడు లీలండ్. "నది అటుంది. చల్లగాలి అటు నుంచే వస్తోంది."

"అయితే నేనిక్కడ నిలబడతా. నువ్వు అటు వెళ్ళి రా."

ఎప్పుడు మీరు పోయి నువ్వు వచ్చిందో ఇద్దరూ గమనించలేదు. లీలండ్ వెర్లిన్‌ను వదిలి నడిచాడు. వెనక్కి తిరిగి చూస్తే అతను లేడు. నాలుగు వైపులా తెలుపు. లీలండ్ ఆగాడు. ఆ పాత హాయి కోసం ఎదురుచూశాడు. అది రాలేదు. మోకాళ్ళు నొప్పెట్టాయి. ముక్కు కారింది. పులిసిన మేత వాసన వచ్చింది. కాసేపటికి ఎదురుచూడటం మానేశాడు. రుమాలుతో ముక్కు తుడుచుకుని, ఎటు నడవాలో తెలియక, ఊరికే నడవడం మొదలుపెట్టాడు. అప్పుడు తెలిసింది, అడుగుల చప్పుడు లేదని. గడ్డి ఎప్పుడో మెత్తటి నేలగా మారింది. కనురెప్పల మీద నీళ్ళు నిలిచాయి. తెలుపు ఒకచోట కాస్త వెలుగుగా, ఇంకోచోట కాస్త నీలంగా, లోపల ఎవరో దీపం పట్టుకుని తిరుగుతున్నట్టు కదులుతోంది. తనకు ఎన్నేళ్ళో ఒక్క క్షణం గుర్తురాలేదు. గుర్తు తెచ్చుకోవాలనీ అనిపించలేదు. అలా ఎంతదూరం నడిచాడో.

ముందు దగ్గు వినపడింది. తర్వాత కర్ర. తర్వాత వెర్లిన్. అతను కర్ర చంకలో పెట్టుకుని రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నాడు. లీలండ్ దగ్గరికి వెళ్ళి ఖాళీ చేతులు అందించాడు. వెర్లిన్ వాటిని పట్టుకుని, తల వంచి, అతని మొహంలోకి పరీక్షగా చూశాడు.

"అబ్బే" అన్నాడు. "ఇది కాదు ఆ నవ్వు."

"పళ్ళు మారాయి వెర్లిన్. అప్పుడు సొంతవి."

"అయినా బానే ఉందిలే. ఇదీ పనికొస్తుంది."

చేతులు వదలకుండానే అలా నిలబడ్డారు. ఎండ పైనుంచి మెల్లగా పొగమంచును పలచన చేసింది. మొదట వాళ్ళ బూట్లు కనపడ్డాయి. తర్వాత నేల, నేల మీద పశువుల గిట్టల గుర్తులు. తర్వాత ఒక ముళ్ళ తీగ కంచె. కంచెకు ఇవతల, వాళ్ళ పక్కనే, నల్లటీ తెల్లటీ ఆవులు పది దాకా నిలబడి వీళ్ళనే చూస్తున్నాయి. ట్రాక్టరు మీద ఒక ఆడమనిషి ఇటే వచ్చింది.

"ఏం కావాలండీ?" అని అడిగింది, చేతులు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు ముసలాళ్ళను చూసి.

"కాలేజీ ఫుట్‌బాల్ గ్రౌండు చూద్దామని" అన్నాడు లీలండ్.

"అదా? అది కంచెకి అవతల కదా. ఇది మా దొడ్డి."

వెర్లిన్ ముందుగా నవ్వాడు. నవ్వుతూ కర్ర వదిలేశాడు. లీలండ్ దాన్ని అందుకోబోయి, వంగలేక, అతని భుజం పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి కింద కూర్చుండిపోయారు. ట్రాక్టరు మీది ఆవిడ ఇంజను ఆపి, ఎవరికైనా ఫోన్ చేయమంటారా అని రెండుసార్లు అడిగింది. జవాబు చెప్పే స్థితిలో ఇద్దరూ లేరు.

"పద, అసలు గ్రౌండుకి పోదాం" అన్నాడు వెర్లిన్ చివరికి, కళ్ళు తుడుచుకుని.

లీలండ్ కంచె అవతలికి చూశాడు. చదునైన చిన్న పొలం. మొక్కజొన్న మోళ్ళు. అంత చిన్నదని అతనికి గుర్తులేదు. "ముళ్ళ తీగ దాటాలి. నాకు ఓపిక లేదు" అన్నాడు. "టిఫిన్ చేద్దాం పద."

అతను ఇంటికొచ్చేసరికి ఆర్డిస్ బల్ల దగ్గర బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. ప్యాంటు వెనక అంటిన పేడను చూసింది. ఎదురు కుర్చీ మీద పాత పేపరు పరిచింది. లీలండ్ ఎదురుగా కూర్చుని, ఒక దుంప తీసుకుని చేతిలో తిప్పుతూ, చెప్పడం మొదలుపెట్టాడు. చేప భోజనాల నాడు వెర్లిన్ చెప్పినవన్నీ చెప్పాడు. ఆవుల దొడ్డి చెప్పాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, ఆ రోజు బంతి ఇవ్వడానికి ముందు ఎలా ఉందో చెప్పాడు. గడ్డి గాదె పోలిక కూడా చెప్పాడు. "జట్టంతా ఓడిపోయింది. నా మూలంగానే. నేనేమో అప్పుడు అంత హాయిగా ఉన్నా. ఇన్నేళ్ళూ పొగమంచు పడితే చాలు, దాని కోసమే వెళ్ళేవాణ్ణి. చెప్పుకోవడానికి సిగ్గేసేది."

ఆర్డిస్ చాకు కింద పెట్టింది. "ఇదా నువ్వు దాచింది?"

"ఇదే."

"పొగమంచు పడ్డప్పుడల్లా నీ మొహం ఒక రకంగా మారిపోయేది. పని మానేశాక కూడా కారేసుకుని పోయేవాడివి. నేనేమో ఎవరో ఉందనుకున్నా" అంది. "లా క్రాస్ ఊళ్ళో. వెన్న ఫ్యాక్టరీ లెక్కలు చూసే ఆవిడ. ఎర్ర జుట్టావిడ."

"బెవర్లీనా?"

"ఆవిడే. మొదట్లో చాలా ఏడ్చాను. తర్వాత, సరే, వానొచ్చినా ఎండొచ్చినా ఇంట్లోనే ఉంటున్నాడు, పొగమంచుకేగా పోతున్నాడు అనుకున్నా."

లీలండ్ చేతిలోని దుంపను బల్ల మీద పెట్టాడు. ఆర్డిస్ అతన్ని కాసేపు చూసింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియని మొహంతో గిన్నె పక్కకు జరిపి, తడి చేతులు ఏప్రానుకు తుడుచుకుని, వాటిని బల్ల మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"మళ్ళీ చెప్పు" అంది. "మొదట్నుంచి. నెమ్మదిగా."

లీలండ్ చెప్పాడు. కోచ్ లెమ్మనడం చెప్పాడు. గోల్ స్తంభాలు మాయమవడం చెప్పాడు. బూరాల చప్పుడు గోనెసంచిలోకి పోవడం చెప్పాడు. చెబుతుంటే ఆర్డిస్ ఊపిరి నెమ్మదించింది. నిద్రపోయిందేమో అనుకుని ఆగాడు.

"ఇప్పుడెక్కడున్నావు?" అంది ఆమె కళ్ళు తెరవకుండానే.

"ఇంకా పరిగెడుతున్నా."

"ఎవరైనా ఉన్నారా అక్కడ?"

లీలండ్ కూడా కళ్ళు మూసుకుని చూశాడు. "ఎవరూ లేరు."

"అయితే తొందరేం లేదు" అంది ఆర్డిస్. "చెప్పు."